కొండ దగ్గర బేరాలు లేవు

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ పర్వతాల నడుమ బూర్ దువాజాన్ అనే చిన్న పట్టణం ఉంది. ఏటా వేసవిలో, జూన్ చివరనో జూలై మొదట్లోనో, ఒక ఉదయం వేలమంది సైకిళ్లతో ఆ ఊరి వీధుల్లో బారులు తీరతారు. వీళ్లెవరూ సైకిలు తొక్కి బతికేవాళ్లు కారు. వారమంతా ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకుని, తెల్లవారుజామునో ఆదివారం పూటో సాధన చేసినవాళ్లు. 1982 నుంచి జరుగుతున్న ఈ యాత్ర పేరు లా మార్మోట్. సంప్రదాయంగా వస్తున్న మార్గం పొడవు 174 కిలోమీటర్లు. అంత దూరం చదునైన రోడ్డు మీద తొక్కేవాళ్లు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ చాలామందే ఉన్నారు. ఇక్కడ భయపెట్టేది మరో అంకె. దారి పొడుగునా ఎక్కాల్సిన ఎత్తులన్నీ కూడితే సుమారు 5,000 మీటర్లు. అరకు లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖ తీరం నుంచి అంత ఎత్తుకు ఒకేరోజు అయిదుసార్లకు పైగా ఎక్కడమన్నమాట.

ఈ ఎత్తును నాలుగు కొండలు పంచుకుంటాయి. మొదట గ్లాండన్ కనుమ (1,924 మీటర్లు), తర్వాత టెలిగ్రాఫ్ (1,566), దాని వెనకే గాలిబియే (2,642), చివరికి ఆల్ప్ డ్యుయెజ్. ముగింపు రేఖ ఈ చివరి కొండ మీదే. ఒక్కో కొండా శరీరాన్ని ఒక్కో రకంగా పరీక్షిస్తుంది. కండబలం ఉన్నవాళ్లు కూడా నాలుగో కొండ మొదట్లోనే సైకిలు దిగి నడవాల్సి రావచ్చు. వాళ్లకంటే బలం తక్కువైన నడివయసు మనిషి అదే మలుపులో వాళ్లను దాటుకుని పోవచ్చు. ఎందుకో తెలియాలంటే కొంచెం భౌతికశాస్త్రం, కొంచెం శరీరశాస్త్రం కావాలి.

కొండ అడిగే వెల

70 కిలోల మనిషిని తీసుకుందాం. సైకిలు, నీళ్ల సీసాలు, బట్టలు, తిండి కలిపి మరో 10 కిలోలు. ఈ 80 కిలోల బరువును 5,000 మీటర్లు పైకి చేర్చడానికి కావలసిన శక్తి సుమారు 39 లక్షల జౌళ్లు. వేగంగా ఎక్కినా నెమ్మదిగా ఎక్కినా ఈ అంకె మారదు. సైకిలు ఎంత ఖరీదైనదైనా మారదు. గురుత్వాకర్షణ దగ్గర బేరం కుదరదు.

39 లక్షల జౌళ్లంటే 940 కిలోకేలరీలే. రెండు పూటల భోజనంతో సరిపోతుందనిపిస్తుంది. కానీ కండరం తాను ఖర్చు చేసే శక్తిలో పెడల్‌కు అందించేది వందలో 20 నుంచి 25 పాళ్లే. మిగతాదంతా ఒంట్లో వేడిగా మారిపోతుంది. 23 శాతం చొప్పున లెక్కిస్తే, ఎత్తు ఎక్కడానికే శరీరం సుమారు 4,000 కిలోకేలరీలు ఖర్చు చేయాలి. గాలిని చీల్చుకుపోవడానికి, టైర్ల రాపిడికి, గుండె, మెదడు, కాలేయం తమ పని తాము చేసుకోవడానికి అయ్యేది దీనికి అదనం.

చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషి ప్రధాన శత్రువు గాలి. అతని శ్రమలో ముప్పాతిక పైగా గాలికే పోతుంది. కొండ మొదలవగానే ఈ లెక్క తలకిందులవుతుంది. ఆల్ప్ డ్యుయెజ్ పొడవు 13.8 కిలోమీటర్లు, సగటు వాలు 8.1 శాతం. అంటే ప్రతి వంద మీటర్లకు ఎనిమిది మీటర్ల పైచిలుకు ఎత్తు. మన 80 కిలోల జంట 200 వాట్ల సామర్థ్యంతో తొక్కితే అక్కడ గంటకు 10 కిలోమీటర్ల వేగం వస్తుంది. ఆ వేగానికి గాలి అడ్డం కానే కాదు. శ్రమలో 90 శాతానికి పైగా బరువును పైకి లేపడానికే పోతుంది. పైకి చేరడానికి దాదాపు గంటా 22 నిమిషాలు. ఒక కిలో బరువు తగ్గితే సుమారు ఒక నిమిషం కలిసొస్తుంది. ఇదే కొండను టూర్ ద ఫ్రాన్స్‌లో అగ్రశ్రేణి ఆటగాళ్లు 40 నిమిషాల లోపే ఎక్కేశారు. తమ బరువులో ప్రతి కిలోకూ దాదాపు 6 వాట్లు తీయగలగడమే వాళ్ల రహస్యం. మన మనిషి తీస్తున్నది 3 వాట్లకు కాస్త తక్కువ.

మొత్తం వెల ఖాయం కాబట్టి, దాన్ని ఎంత వేగంగా చెల్లిస్తామన్నది ఒక్కటే మన చేతిలో ఉంది.

గ్లాండన్: పంతం కాదు, గేరు

మొదటి కొండ గ్లాండన్. ఎక్కుడు ఇరవై కిలోమీటర్లకు పైనే. మధ్యలో ఒకటి రెండు చోట్ల రోడ్డు కిందికి దిగి, అప్పటిదాకా సంపాదించిన ఎత్తును కొంత లాగేసుకుని మళ్లీ పైకి లేస్తుంది. పొద్దున్నే కాళ్లు తాజాగా ఉంటాయి, చుట్టూ జనం, ఒంట్లో అడ్రినలిన్. శక్తికి మించి తొక్కుతున్నా తెలియదు.

ఇక్కడ మొదట పనికొచ్చేది గేరు. సామర్థ్యమంటే పెడల్‌పై వేసే తిప్పుడు బలాన్ని, పెడల్ తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేది. 200 వాట్లను నెమ్మదిగా, గట్టిగా తొక్కి తీయవచ్చు. తేలిగ్గా, చకచకా తొక్కీ తీయవచ్చు. ముందు 39 పళ్ల చక్రం, వెనక 25 పళ్ల చక్రం ఉన్న పాతకాలపు రేసు సైకిలుపై గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంటే పెడళ్లు నిమిషానికి 51 సార్లే తిరుగుతాయి. ముందు 34, వెనక 34 పళ్లుంటే అదే వేగానికి 80 సార్లు తిరుగుతాయి. మొదటి సైకిలు మీద ప్రతి తొక్కుకూ కాలు వేయాల్సిన బలం సగానికి పైగా ఎక్కువ.

కండరాల్లో రెండు రకాల పోగులుంటాయి. నెమ్మదిగా ముడుచుకునే పోగులు అలసట తెలియకుండా గంటల తరబడి పనిచేస్తాయి, కొవ్వును బాగా వాడుకుంటాయి. వేగంగా ముడుచుకునే పోగులు బలమైనవి. కానీ పిండిపదార్థాలను తెగ తాగేసి త్వరగా అలసిపోతాయి. పెడల్‌పై బలం పెరిగేకొద్దీ శరీరం ఈ రెండో రకాన్ని ఎక్కువగా రంగంలోకి దించుతుంది. చిన్న గేరు వాడితే వాటిని సాయంత్రం దాకా దాచుకోవచ్చు.

ఇంత తేలికైన సంగతిని సైకిలు ప్రపంచం ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. 1902లో టూరింగ్ క్లబ్ ద ఫ్రాన్స్ కొండదారుల్లో ఒక పరీక్ష పెట్టింది. ఒకే గేరున్న సైకిలుపై ఎడ్వార్డ్ ఫిషర్ అనే ఛాంపియన్ దిగాడు. మూడు గేర్లున్న సైకిలుపై మార్థ్ హెస్ అనే యువతి దిగింది. ఆమె కాలు కింద పెట్టకుండా దారంతా తొక్కి అతన్ని ఓడించింది. మరుసటి ఏడాది టూర్ ద ఫ్రాన్స్‌ను మొదలుపెట్టబోతున్న ఆన్రీ దేగ్రాంజ్ మాత్రం మెత్తబడలేదు. గేర్లు మార్చుకోవడం నలభై అయిదేళ్లు దాటినవాళ్లకు తగిన పని అని రాశాడు. తన పోటీలో గొలుసును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి మార్చే డిరైలర్‌ను 1937 దాకా రానివ్వలేదు. ఈనాటికీ చిన్న గేరు పెట్టుకోవడం నామోషీ అనుకునేవాళ్లున్నారు. గ్లాండన్ మీద వాళ్ల నామోషీకి ఏమీ కాదు. దాని ఫలితం ఆరేడు గంటల తర్వాత, ఆల్ప్ డ్యుయెజ్ మీద బయటపడుతుంది.

దిగుడులో దొరకని సమయం

ఎక్కేటప్పుడు పోయిన సమయాన్ని దిగేటప్పుడు రాబట్టుకోవచ్చని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే ఆ ఆశ నిలవదు. 20 కిలోమీటర్లు గంటకు 10 చొప్పున ఎక్కి, అదే 20 కిలోమీటర్లు గంటకు 40 చొప్పున దిగామనుకుందాం. సగటు వేగం 25 కాదు, 16 మాత్రమే. ఎక్కడానికి రెండు గంటలు, దిగడానికి అరగంట పట్టింది కాబట్టి సగటు ఎక్కుడు వైపే మొగ్గుతుంది. ఎక్కుడు వేగాన్ని 10 నుంచి 11కు పెంచితే 11 నిమిషాలు మిగులుతాయి. దిగుడు వేగాన్ని 40 నుంచి 50కి పెంచితే మిగిలేది 6 నిమిషాలే. వేగం పెరిగేకొద్దీ ఆపడానికి కావలసిన దూరం దాని వర్గంలో పెరుగుతుంది. 40 దగ్గర ఆగడానికి పట్టే దూరం కంటే 50 దగ్గర సగానికి పైగా ఎక్కువ కావాలి. ఆరు నిమిషాల కోసం ఆ ప్రమాదాన్ని నెత్తికెత్తుకోవడం దండగ. గ్లాండన్ దిగుడు ఇరుకు, నిట్టనిలువు, మలుపులమయం. అందుకే నిర్వాహకులు ఆ దిగుడుకు పట్టే కాలాన్ని లెక్కలోంచి మినహాయించే పద్ధతి పెట్టారు. తొందర పడ్డా లాభం లేకపోతే జనం తొందర పడరు.

దిగేటప్పుడు ఆలోచించాల్సింది బ్రేకుల గురించి. గ్లాండన్ శిఖరం నుంచి అవతలి లోయ దాకా 1,400 మీటర్లకు పైగా దిగుతాం. ఆ క్రమంలో 11 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. గాలి కొంత తీసుకుంటుంది, బ్రేకులు మిగతాది వేడిగా మింగుతాయి. 8 శాతం వాలులో బ్రేకు ముట్టకుండా వదిలేస్తే సైకిలు దాదాపు గంటకు 60 కిలోమీటర్ల దగ్గర స్థిరపడుతుంది. అక్కడ గాలే పూర్తి బ్రేకు. మరీ నెమ్మదిగా దిగితే ఎత్తు తగ్గే వేగమే తక్కువ కాబట్టి క్షణక్షణానికీ పుట్టే వేడి తక్కువ. బ్రేకు మీద భారం అత్యధికంగా పడేది ఈ రెంటికీ మధ్య, గంటకు 35 కిలోమీటర్ల దగ్గర. భయపడుతూ, బ్రేకును అదిమిపట్టుకుని దిగే మనిషి వేగం సరిగ్గా అదే. రిమ్మును పట్టే బ్రేకులైతే ఆ వేడికి లోపలి ట్యూబు పేలవచ్చు. డిస్కు బ్రేకులైతే పట్టు సడలవచ్చు. అందుకే అనుభవజ్ఞులు తిన్నని దారిలో బ్రేకు వదిలేస్తారు. మలుపుకు ముందు కాసేపు గట్టిగా పట్టి, వేగం తగ్గాక మళ్లీ వదులుతారు. ఆ విరామంలో రిమ్ములకూ డిస్కులకూ గాలి తగిలి చల్లబడతాయి.

రోజు మొత్తంలో ఎక్కిన 5,000 మీటర్లలో ముగింపు రేఖ దగ్గర మిగిలేది 1,100 మీటర్ల ఎత్తు మాత్రమే. మిగతా 3,900 మీటర్ల కష్టం గాలిలోనూ బ్రేకుల్లోనూ కలిసిపోతుంది.

లోయలో ఒంటరితనం ఖరీదు

గ్లాండన్ దిగాక మోరియెన్ లోయ వస్తుంది. చూపుకు చదునుగానే ఉంటుంది కానీ రోడ్డు సన్నగా పైకే సాగుతుంది. ఎదురుగాలి ఉందంటే మరీ కష్టం. ఇక్కడ మళ్లీ గాలే శత్రువు కాబట్టి నలుగురితో కలిసి పోవడంలో లాభముంది. ముందు సైకిలు వెనక దగ్గరగా తొక్కితే, ఆ మనిషి చీల్చిన గాలి మాటున శ్రమ పావు వంతు దాకా తగ్గుతుంది. ఒంటరిగా గాలికి ఎదురొడ్డి రెండు నిమిషాలు ముందు చేరడం కంటే, ఒక గుంపు కోసం రెండు నిమిషాలు ఆగడమే తెలివి. అదే గుంపును కొండ మీద పట్టుకుని వేలాడటం వృథా. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో ముందువాడి మాటు వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా అతని వేగం మన ఒంటికి సరిపడేదో కాదో తెలియదు.

చేతిలో నగదు, ఊళ్లో పొలం

ఈ లోయలోనే కడుపు సంగతి చూసుకోవాలి. ఎందుకంటే తర్వాతి ముప్పై కిలోమీటర్లకు పైగా దారి దాదాపు అంతా ఎక్కుడే.

శరీరం దగ్గర ఇంధనం రెండు రూపాల్లో ఉంటుంది. పిండిపదార్థం గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో 400 నుంచి 500 గ్రాములు, కాలేయంలో సుమారు 100 గ్రాములు నిల్వ ఉంటుంది. మొత్తం కలిపి 2,000 కిలోకేలరీల పైచిలుకు. కొవ్వు మాత్రం పుష్కలం. 70 కిలోల మనిషి ఒంట్లో 10 కిలోల కొవ్వుంటే అది దాదాపు 90,000 కిలోకేలరీలు. గ్లైకోజెన్ చేతిలో ఉన్న నగదు, కొవ్వు ఊళ్లో ఉన్న పొలం. పొలం విలువ ఎంతయినా అది రూపాయలుగా మారడానికి సమయం పడుతుంది. నెమ్మదిగా తొక్కేటప్పుడు కొవ్వు నుంచి వచ్చే శక్తి చాలావరకు సరిపోతుంది. వేగం పెంచేకొద్దీ శరీరం చేతిలో ఉన్నదే తీస్తుంది. అదయిపోయిన క్షణాన కాళ్లు సీసంలా బరువెక్కుతాయి, తల తిరుగుతుంది, కారణం లేకుండా ఏడుపొస్తుంది.

గ్లైకోజెన్ ఎలా తరిగి ఎలా పెరుగుతుందో తేల్చిన ప్రయోగం సైకిలు మీదే జరిగింది. 1966లో స్వీడన్ శాస్త్రవేత్తలు యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హుల్ట్‌మన్ తమ మీద తామే ప్రయోగం చేసుకున్నారు. ఇద్దరూ ఒకే వ్యాయామ సైకిలుకు చెరోవైపు చేరి, ఒక్కో కాలితోనే అలసిపోయేదాకా తొక్కారు. రెండో కాలికి విశ్రాంతి. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు దండిగా తిని, సూదితో తొడ కండరపు ముక్కలు తీసి పరీక్షించారు. శ్రమపడిన కాలిలో గ్లైకోజెన్ మామూలు స్థాయికి తిరిగి రావడమే కాదు, దాదాపు రెట్టింపయింది. విశ్రాంతి తీసుకున్న కాలిలో పెద్దగా మార్పు లేదు. సాధన చేసిన కండరమే తిన్నదాన్ని దాచుకుంటుందని అలా తెలిసింది. యాత్రకు ముందు రెండు మూడు రోజులు సాధన తగ్గించి అన్నం, రొట్టె, దుంపలు ఎక్కువ తినడం వెనక ఉన్న శాస్త్రం ఇదే.

దారిలో తినడానికీ హద్దుంది. గ్లూకోజ్ పేగు గోడ దాటడానికి ఒక ద్వారముంది. దాని గుండా గంటకు 60 గ్రాముల దాకా పోతుంది. ఫ్రక్టోజ్‌కు వేరే ద్వారముంది. రెండూ కలిపి తీసుకుంటే గంటకు 90 గ్రాముల దాకా వాడుకోవచ్చు, కడుపుకు ముందుగా అలవాటు చేయాలి. అరటిపండు, ఖర్జూరం, బెల్లంతో చేసిన పల్లీ పట్టీలో ఈ రెండు చక్కెరలూ దొరుకుతాయి. ఓ మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాముల పిండిపదార్థముంటుంది. అంటే 60 గ్రాములకే గంటకు రెండు మూడు పండ్లు. తొమ్మిది గంటలు ఇలా తింటే 2,100 కిలోకేలరీలు చేరతాయి. నిల్వ ఉన్నది, తిన్నది కలిపినా రోజు ఖర్చుకు చాలదు. తరుగును కొవ్వే పూడ్చాలి. కొవ్వు పూడ్చగలిగే వేగంలోనే మనం తొక్కాలి. ఆకలేశాక తింటే ఆలస్యమైపోయినట్టే. మొదటి గంట నుంచే గడియారం చూసుకుని తినాలి.

దొడ్డబెట్టంత ఎత్తులో

టెలిగ్రాఫ్ ఎక్కుడు 12 కిలోమీటర్లు. దాటగానే వల్వార్ అనే ఊరి దాకా అయిదు కిలోమీటర్ల దిగుడు, వెంటనే 18 కిలోమీటర్ల గాలిబియే. 1911లో టూర్ ద ఫ్రాన్స్ మొదటిసారి ఈ కనుమ దాటింది. ఆనాడు ముందుగా పైకి చేరినవాడు ఎమిల్ జోర్జే. ఎత్తు 2,642 మీటర్లు. మన నీలగిరుల్లో దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్లు. ఊటీ వెళ్లినవాళ్లకు ఆ చలిగాలి గుర్తుండే ఉంటుంది.

గాలిబియే మీద గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే 73 శాతమే. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడా 21 శాతమే. తగ్గింది దాన్ని ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి నెట్టే ఒత్తిడి. అలవాటు లేని మనిషికి ఈ ఎత్తున గరిష్ఠ సామర్థ్యం 10 నుంచి 15 శాతం పడిపోతుంది. ఇందులో ఒక మోసముంది. కింద ఒక గంటసేపు 240 వాట్లు నిలబెట్టగల మనిషికి 200 వాట్లు నిభాయించుకోగల శ్రమ. శిఖరం దగ్గర అతని హద్దే 210కి దిగిపోయి ఉంటుంది. అదే 200 వాట్లు ఇప్పుడు దాదాపు కత్తి మీద సాము. కాలు అదే పని చేస్తున్నా ఊపిరి అందదు. శిఖరానికి ముందు చివరి కిలోమీటరు అన్నిటికంటే నిటారుగా ఉంటుంది కూడా. ఎత్తు పెరిగేకొద్దీ వాట్లు తగ్గించుకుంటూ పోవడమే దీనికి మందు. వారాల ముందు వచ్చి కొండ మీద ఉంటే తప్ప రక్తం ఈ ఎత్తుకు అలవాటు పడదు.

ఎత్తు చలిని కూడా తెస్తుంది. ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మోరియెన్ లోయలో 30 డిగ్రీలుంటే గాలిబియే మీద 17, 18 డిగ్రీలు. పైకి చేరేసరికి ఒళ్లంతా చెమట. అక్కడి నుంచి దాదాపు యాభై కిలోమీటర్ల దిగుడు. తడిబట్ట మీద గంటకు 50 కిలోమీటర్ల గాలి తగిలితే వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు పట్టుకోవడమే కష్టమవుతుంది. జూలై ఎండలో జేబులో గాలిచొరని పలుచటి జాకెట్ మోసుకెళ్లేది ఇందుకే. ఈ దారిలో సొరంగాలూ ఉన్నాయి. సైకిలుకు లైట్లు ఉండాలి.

ఇరవై ఒక్క మలుపులు

లోయలోకి దిగేసరికి మధ్యాహ్నం. ఎదురుగా ఆల్ప్ డ్యుయెజ్. దారిలో 21 హెయిర్‌పిన్ మలుపులు. కింద నుంచి 21, 20, 19 అంటూ అంకెలు తగ్గుతూ పోతాయి. 1952లో టూర్ ద ఫ్రాన్స్ మొదటిసారి ఈ కొండ మీద ముగిసినప్పుడు గెలిచినవాడు ఇటలీకి చెందిన ఫాస్టో కోప్పి. మలుపుల దగ్గర పలకల మీద ఇలాంటి విజేతల పేర్లుంటాయి. మొదటి రెండు కిలోమీటర్లే కొండలో బాగా నిటారైనవి.

గాలిబియే మీద చలి సమస్యయితే ఇక్కడ వేడి సమస్య. 200 వాట్లు పెడల్‌కు అందించే శరీరం 670 వాట్ల వేడిని పుట్టిస్తుంది. గంటకు 24 లక్షల జౌళ్లు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే తీసుకుపోయే వేడి కూడా దాదాపు ఇంతే. చదునులో 30 వేగంతో పోయేటప్పుడు ఎదురుగాలి చెమటను ఆరబెడుతుంది. 10 వేగంలో ఆ గాలి లేదు. చెమట ఆరకుండా బొట్లుగా నేల రాలుతుంది. రాలిన చెమట వేడిని తీసుకుపోదు. ఒళ్లు వేడెక్కేకొద్దీ రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కండరానికి వాటా తగ్గుతుంది, అదే శ్రమకు గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది.

నీళ్లు తాగాలి నిజమే, కానీ ఉప్పు లేకుండా చెమట పట్టిన దానికంటే ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలుచబడి ప్రాణం మీదికి రావచ్చు. ఎండాకాలం పొలం పనికి వెళ్లేవాళ్లు ఉప్పేసిన పలుచటి మజ్జిగ పట్టుకెళ్లడంలో ఈ జాగ్రత్త ఉంది.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. మన 70 కిలోల మనిషి పొద్దున గ్లాండన్‌ను 200 వాట్లతో ఎక్కి ఉంటే దాదాపు 100 నిమిషాలు పట్టేది. ఉత్సాహంలో 230 వాట్లతో తొక్కితే 87 నిమిషాలు. 13 నిమిషాల లాభం. ఆ 30 వాట్ల కోసం అతడు గ్లైకోజెన్‌ను విచ్చలవిడిగా వాడేశాడనుకుందాం. ఆల్ప్ డ్యుయెజ్ మీద 200కు బదులు 140 వాట్లే తీయగలిగితే, 82 నిమిషాల ఎక్కుడు 117 నిమిషాలవుతుంది. 35 నిమిషాల నష్టం. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే. కానీ నాలుగో కొండ కింద కనిపించే నీరసపు ముఖాల వెనక ఇలాంటి లెక్కే ఉంటుంది. అక్కడ దాటుకుపోయేవాళ్ల వేగం పొద్దున్నుంచీ పెరిగింది లేదు. మిగతావాళ్లంత పడిపోలేదు, అంతే.

మన కొండల మీద

దీనికి సిద్ధం కావడానికి ఆల్ప్స్ అక్కర్లేదు. 1967లో అమెరికా శాస్త్రవేత్త జాన్ హాలొజీ, వారాల తరబడి పరుగెత్తించిన ఎలుకల కండరాల్లో మైటోకాండ్రియాకు చెందిన ఎంజైములు దాదాపు రెట్టింపయ్యాయని చూపించాడు. కొవ్వును కాల్చేది ఈ మైటోకాండ్రియాలోనే. మనుషుల్లోనూ ఇదే జరుగుతుంది. వారానికి నాలుగైదు రోజులు తేలిగ్గా, ఎక్కువసేపు తొక్కడం, అందులో ఒకటి రెండు రోజులు కొంతసేపు కష్టంగా తొక్కడం అనే పాత పద్ధతి ఇందుకే నిలిచింది. మైటోకాండ్రియా పెరిగితే పొలం త్వరగా రూపాయలవుతుంది. అదే వేగానికి నగదు తక్కువ ఖర్చవుతుంది.

కొండలకు మనకు కొదవ లేదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి, మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్, శ్రీశైలం ఘాట్, అరకు ఘాట్ ఉన్నాయి. 36 హెయిర్‌పిన్ మలుపులతో మసినగుడి నుంచి ఊటీ వైపు ఎక్కే కల్హట్టి, 2008 నుంచి జరుగుతున్న టూర్ ఆఫ్ నీలగిరీస్‌లో అందరూ భయపడే ఎక్కుడు. 250 మీటర్ల గుట్టను నాలుగుసార్లు ఎక్కినా గురుత్వాకర్షణ లెక్కలో 1,000 మీటర్లే. తేడా విరామంలో ఉంది. గుట్ట దిగిన ప్రతిసారీ కాళ్లకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది. గాలిబియే మీద రెండు గంటలు దొరకదు. అందుకే చిన్న కొండలతో సాధన చేసేవాళ్లు చదునులో ఎదురుగాలికి గంటన్నర ఆపకుండా తొక్కడం కూడా కలుపుకోవాలి.

వాట్లు కొలిచే పరికరం ఖరీదైనది, తప్పనిసరి కాదు. ఊపిరితిత్తులే ఉచితంగా దొరికే కొలమానం. గ్లాండన్ అయినా హార్సిలీ హిల్స్ అయినా, మొదటి కొండ మీద పక్కన తొక్కేవాడితో ఆయాసపడకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే శరీరం ఇంకా పొలం మీద రాబడితోనే నడుస్తున్నట్టు. మాట ముక్కలవుతుంటే గేరు తగ్గించాలి. అప్పుడు పదుల కొద్దీ జనం దాటిపోతారు. పోనివ్వాలి. వాళ్లలో ఎంతమంది లెక్క సరిగా వేసుకున్నారో నాలుగో కొండ మీద తేలుతుంది.